అది డిమ్మే!

రాత్రిపూట ఎదురొచ్చే బైకు లైటు కళ్లలో పొడుస్తుంటే మనం మర్యాదగా ఒక్కసారి డిప్పర్ కొడతాం. 'అయ్యా, కాస్త దించండి' అని మనవి. దానికి ఆయన ఏం చేస్తాడో మీకు తెలియంది కాదు. టక్కున హై బీమ్ వేసి చూపిస్తాడు. 'ఇందాకటిది డిమ్మే, బ్రైట్ అంటే ఇదీ' అని సాక్ష్యం ప్రవేశపెట్టడం అన్నమాట. నిందితుడు తన నిర్దోషిత్వాన్ని ఫిర్యాదుదారుడి కళ్లలోనే నిరూపించుకునే న్యాయస్థానం రోడ్డు ఒక్కటే.

పైగా ఆయన అబద్ధమాడటం లేదు. స్విచ్ నిజంగానే డిమ్‌లో ఉంది. కంపెనీ బల్బు పీకేసి 'పవర్‌ఫుల్' ఎల్‌ఈడీ బల్బు వేయించుకున్న రోజు నుంచి ఆ స్విచ్ చేసే పని ఏమీ లేదు, అంతే. డిమ్‌లో పెడితే మన కళ్లు పోతాయి, బ్రైట్‌లో పెడితే ఇంకా పోతాయి.

ఆ బల్బు వచ్చిన డబ్బా ఎప్పుడైనా చదివారా? మంచి కాలక్షేపం. '200 వాట్లు' అని బంగారు అక్షరాలతో ఉంటుంది. 12 వోల్టుల బండిలో 200 వాట్లంటే దాదాపు 17 యాంపియర్లు. నిజంగా అంత కరెంటు లాగితే బైకులో ఉన్న చిన్న ఫ్యూజు ఎగిరిపోవాలి. ఎగరలేదు కాబట్టి ఫ్యూజు నిజం చెబుతోంది, డబ్బా చెప్పడం లేదు. దాని కింద '20,000 ల్యూమెన్లు' అని ఇంకో ముచ్చట (ల్యూమెన్ అంటే వెలుగుకు కొలత). కార్లకూ పెద్ద బైకులకూ వాడే హెచ్‌4 హాలోజన్ బల్బు హై బీమ్‌లో ఇచ్చేది సుమారు 1,650 ల్యూమెన్లు, డిమ్‌లో 1,000. చిన్న బైకుల్లో ఉండే 35 వాట్ల హెచ్‌ఎస్‌1 ఇచ్చేది అందులో సగం. డబ్బాను నమ్మితే, డజను హెచ్‌4 హై బీముల వెలుగు బొటనవేలంత ముక్కలో ఇమిడిపోయిందన్నమాట. భౌతికశాస్త్రానికి సెలవిచ్చి పంపేశారు.

కొన్నాయనకు ఈ లెక్కలతో పని లేదు. ఆయన దగ్గర గోడ ఉంది.

బల్బు బిగించగానే బండిని గోడకు ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబెడతారు. తాళం తిప్పుతారు. గోడ తెల్లగా మెరిసిపోతుంది. 'అబ్బ!' అంటాడు యజమాని. 'చూశావా మరి!' అంటాడు బిగించినతను. పక్కనున్న మిత్రుడు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ మెచ్చుకుంటాడు. ఫోన్ తీసి వీడియో పడతారు. అందులో తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించదు, అదే గొప్ప. డిమ్ వెలుగు పైకి పోకుండా ఆగాల్సిన కట్-ఆఫ్ గీత ఎక్కడుందన్న సందేహం ఎవరికీ రాదు. ఆ గోడ ఎదురు రాదు, దానికి కళ్లు లేవు, డిప్పర్ కొట్టదు. అలా బల్బు ఫస్ట్ క్లాసులో పాసైపోతుంది.

పీకి పారేసిన పాత బల్బును ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూస్తే బాగుండేది (గాజు ముట్టుకోకుండా, వేలి జిడ్డు అంటితే ఆ చోట వేడెక్కి పాడవుతుంది). లోపల రెండు సన్నటి ఫిలమెంట్ చుట్టలు. డిమ్ చుట్ట కింద బుల్లి గిన్నెలాంటి రేకు ఒకటి ఉంటుంది. దాని పని, వెలుగు రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నె) కింది సగానికి తగలకుండా ఆపడం. తగిలితే అది పైకి కొడుతుంది, ఎదుటివాడి మొహం మీదికి. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపునూ ఆ చుట్ట ఎక్కడ ఉంటుందో మిల్లీమీటరు పట్టింపుతో లెక్కేసి చేశారు. 1971లో హెచ్‌4 వచ్చినప్పటి నుంచి ఇదే ఏర్పాటు. ఈ గిన్నె రేకు అనే నిరుపేద ఉద్యోగి ఇన్నేళ్లుగా ఎంతమంది కళ్లు కాపాడిందో, దానికి ఎవరూ ఒక దండ వేయలేదు.

దాని కుర్చీలోకి వచ్చిన ఎల్‌ఈడీలో, మధ్యలో ఒక లోహపు పలక, దానికి రెండు పక్కలా చదునైన చిప్పులు. ఫిలమెంట్ ఉండాల్సిన చోటు కాదు, ఆ ఆకారం కాదు. కాస్త వంకరగా తిప్పి బిగించారా, వెలుగు చెట్ల కొమ్మల్లోకి పోతుంది. బల్బును చల్లబరిచే వెనక ఫ్యాను అడ్డొచ్చి హెడ్‌లైటు రబ్బరు తొడుగు పట్టకపోతే దాన్ని బ్లేడుతో కోసేస్తారు. తొలి వానకే లైటు లోపల చెమటలు పడతాయి. రిఫ్లెక్టర్‌తో పాటు ఎల్‌ఈడీకే తయారైన లైట్ల గురించి నాకు పేచీ లేదు. హాలోజన్ ఇంట్లో ఎల్‌ఈడీని అద్దెకు దించడంతోనే పేచీ.

ఇక ఇలాంటి మహానుభావులు ఇద్దరు ఎదురుపడే ఘట్టం ఉందే, దాన్ని నేనెంత తలుచుకున్నా తనివి తీరదు. ఇరుకు రోడ్డు. ఇతను డిప్పర్ కొడతాడు. అతనూ కొడతాడు. ఇతను రుజువు చూపిస్తాడు, అతనూ చూపిస్తాడు. ఇద్దరికీ ఏమీ కనిపించక వేగం తగ్గిస్తారు. చివరికి ఇద్దరూ ఆగి, కాలు కింద పెట్టి, ఒక చెయ్యి కళ్లకడ్డం పెట్టుకుని అరుస్తారు.

'ఏయ్, డిమ్ చెయ్!'

'అది డిమ్మే!'

'నాదీ డిమ్మే!'

ఇద్దరూ సత్యవంతులే. మధ్యలో ఒక గొయ్యి ఉంది. దానికి రెండు వైపుల నుంచీ స్టేడియంలో పడేంత వెలుగు పడుతోంది. ఆ రాత్రి ఆ రోడ్డు మీద అంత బాగా వెలిగిన వస్తువు ఇంకోటి లేదు, దాన్ని ఇద్దరూ చూడలేదు. ఎవరు ముందు కదలాలన్న దానిపై చర్చలు సాగుతుండగా ముందు చక్రం అందులో దిగుతుంది. ఇంటికెళ్లాక ఇద్దరూ ఒకే నిర్ణయం తీసుకుంటారు: ఈ బల్బు చాలదు, ఇంకా పెద్దది వేయించాలి. ఎదుటివాడు పెద్దది వేశాడు కాబట్టి నేనూ, నేను వేశాను కాబట్టి వాడూ. ఇలా పోతే రాత్రిళ్లు ఎవరికీ ఏమీ కనిపించని రోజు త్వరలోనే వస్తుంది.

నవ్వుకోవడం ఇక్కడితో ఆపుదాం. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. కళ్లు బైర్లు కమ్మి సర్దుకోవడానికి రెండు సెకన్లు పట్టినా, 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. వయసు మళ్లిన కళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ 33 మీటర్లలో రోడ్డు అంచున పోతున్న మనిషి నీ లైటులో నీకు కనిపిస్తాడు. నీ ఎదురుగా వస్తున్నవాడికి కనిపించడు. గుద్దేది అతను. కేసు అతని మీద. నువ్వు అప్పటికే దాటిపోయి ఉంటావు, వెనక్కి తిరిగి కూడా చూడవు. నీ బల్బు పేరు ఏ కాగితం మీదా ఎక్కదు. లైటు లేని సైకిలు మీద పని నుంచి ఇంటికి పోతున్న మనిషి ప్రాణం కన్నా నీ గోడ మీద తెలుపు ఎక్కువైందా? సిగ్గు లేదా అని అడగాలనిపిస్తుంది. అడుగుతున్నాను. సిగ్గు లేదా?

పోనీ, అంత చేసి నీకైనా బాగా కనిపిస్తోందా? ముందు చక్రానికి పదడుగుల దూరంలో పట్టపగలు. కళ్లు ఆ వెలుగుకు అలవాటుపడి దూరంలో ఉన్నది ఇంకా చీకటిగా కనిపిస్తుంది. మంచు పట్టిందా, ఆ తెలుపంతా తిరిగొచ్చి నీ మొహానికే కొడుతుంది. ఎల్‌ఈడీ వద్దని 100 వాట్ల హాలోజన్ దూర్చేవాళ్లు ఇంకో శాఖ. వాళ్ల సంగతి కరిగిన హోల్డరూ మాడిన రిఫ్లెక్టరూ చూసుకుంటాయి.

నిజానికి పాత బల్బు గుడ్డిగా వెలగడానికి కారణం చాలాసార్లు బల్బు కాదు. సన్నటి వైరు, వదులైన కనెక్టరు, తుప్పు పట్టిన ఎర్తు. వీటి వల్ల బల్బుకు చేరే వోల్టేజి పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు ముప్ఫై శాతం దాకా పడిపోతుంది. లావు వైరుతో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిస్తే ఆ పాత బల్బే లేచి కూర్చుంటుంది. పసుపెక్కిన హెడ్‌లైటు కవరుకు పాలిష్ పట్టాలి. హెడ్‌లైటును పైకీ కిందికీ కదిపే స్క్రూ ఒకటుంటుంది, బండి కొన్నప్పటి నుంచి ఎవరూ దాని మొహం చూడలేదు. పది మీటర్ల దూరంలో డిమ్ గీత లైటు ఎత్తు కన్నా పది సెంటీమీటర్లు కిందికి పడేలా దాన్ని తిప్పాలి. వెనక మనిషి కూర్చుంటే ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఆ బరువుతోనే చూసుకోవాలి.

ఇదంతా చెబితే మన వీరుడు ఓపిగ్గా వింటాడు, తలాడిస్తాడు, రిలే దగ్గర కళ్లు మెరుస్తాయి కూడా. అంతా అయ్యాక దగ్గరికి జరిగి అడుగుతాడు: 'అయితే సార్, రిలే పెట్టిస్తే దీనికన్నా పెద్ద బల్బు వేసుకోవచ్చా?'