అల్లుడుగారికి ఆమ్లెట్, మనకు బిల్లు

రాత్రి బస్సులు ఆగే హైవే హోటళ్ల మీద మన జనానికి ఉన్నంత చిన్నచూపు మరే వ్యాపారం మీదా లేదు. "నిలువుదోపిడీ" అంటారు, "వీడి హోటల్ మండిపోనూ" అంటారు. తిట్టుకుంటూ దిగి, తిట్టుకుంటూ రెండిడ్లీలు తిని, తిట్టుకుంటూనే బస్సెక్కుతారు. ఎంతో ముందుచూపుతో, క్రమశిక్షణతో నడుస్తున్న ఒక వ్యవస్థను ఇలా ఆడిపోసుకోవడం భావ్యం కాదు. దాని పక్షాన నాలుగు మాటలు చెప్పేవాళ్లు కూడా ఉండాలి కదా.

ఊళ్లో హోటలు నడిపేవాడికి ఎప్పుడూ ఒకటే బెంగ. ఇవాళ తిన్నవాడు రేపు మళ్లీ రావాలి. అందుకే చట్నీ పులిసిందేమోనని పొద్దున్నే నాలిక మీద వేసుకు చూస్తాడు. "ఏం సార్, రెండ్రోజులుగా కనబడలేదు?" అని పలకరిస్తాడు. అడక్కుండానే ఇంకో గరిటె సాంబారు పోస్తాడు. పాపం, బతుకంతా భయమే. హైవే హోటలు ఈ భయాలన్నిటినీ జయించింది. విజయవాడ దారిలో సూర్యాపేటకి అటో ఇటో అర్ధరాత్రి దిగినవాడు మళ్లీ ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. వచ్చినా తన ఇష్టంతో రాడు, బస్సు ఆపితే వస్తాడు. తినేవాడికి నచ్చాల్సిన అవసరమే లేని హోటలుకు మించిన స్వేచ్ఛ ఎవరికుంటుంది?

అలాగని ఈ హోటలు ఎవరినీ మెప్పించదని కాదు. "టిఫినూ, టీ, టాయిలెట్! ఇరవై నిమిషాలే, మళ్లీ ఎక్కడా ఆగదు!" అని అరుస్తూ క్లీనర్ బస్సు రేకు మీద చరుస్తాడు. మనం చెప్పులు వెతుక్కుని కిందికి దిగేసరికి డ్రైవరు కనబడడు. కౌంటర్ వెనకాల ఒక తలుపు, దానికో కర్టెను, పైన "డ్రైవర్లకు మాత్రమే" అన్న బోర్డు. గాలికి కర్టెను తొలగినప్పుడు చూడండి. లోపల కూలర్ తిరుగుతుంటుంది. పొగలు కక్కే పుల్కాలు, డబుల్ ఆమ్లెట్, పక్కన గడ్డపెరుగు. ఒక కుర్రాడు వెనకే నిలబడి "ఇంకోటి వేయమంటారా అన్నా?" అని బతిమాలుతుంటాడు. ఇవతల మన ప్లేటుకు, కడిగే పని లేకుండా, పాలిథిన్ కవరు తొడిగి ఉంటుంది. దాని మీద పడిన దోసె ఎప్పటిదో చెప్పలేం, ధర మాత్రం తాజాది. "బాబూ, కాస్త చట్నీ" అన్న మాట ఆ కుర్రాడికి వినపడదు. వాడికి చెవుడు అనుకుంటాం. పాపం, వాడు కర్టెను వెనక నుంచి పిలుపు కోసం చెవి అటు పెట్టి ఉన్నాడు.

విషయం ఇదీ. ఆ హోటలుకు అసలు అతిథి డ్రైవరు. కొత్త అల్లుడు పండక్కొచ్చినట్టు ఆయనకి మర్యాదలు జరుగుతాయి. నలభై మందిని ఫలానా చోటే దింపాలని నిర్ణయించేది ఆయనే కాబట్టి జరగాలి కూడా. ఆయన భోజనం ఉచితం. వెళ్లేటప్పుడు చేతిలో పడేది వేరే లెక్క. ఈ లాంఛనాలన్నిటికీ ఖర్చు పెట్టుకునే మామగారు ఎవరని మీరు అడగొచ్చు. జేబు తడుముకోండి.

నీళ్ల సీసా దగ్గర జనం చేసే గొడవ ఇంకా అన్యాయం. "ఇరవై రూపాయల ఎమ్మార్పీ ఉంటే ముప్ఫై తీసుకుంటావా?" అని ఒకాయన ఎగురుతుంటాడు. ఆయనకి చట్టం తెలీదు. హోటల్లో కూర్చోబెట్టి ఇచ్చే సీసా ఉత్త అమ్మకం కాదు, అందులో సేవ కలిసి ఉంది కనుక ఎమ్మార్పీ కట్టుబాటు వర్తించదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 12న తేల్చేసింది. పెద్ద పెద్ద హోటళ్ల సంఘం గెలిచిన కేసు అది. ఇక్కడ కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు పొట్టిదైనా సేవ సేవే.

అయితే అదే ఆవరణలో చిప్స్ ప్యాకెట్ల దండలు వేలాడదీసిన కొట్టు ఒకటుంటుంది. అది దుకాణం. ప్యాక్ చేసి అమ్మే సరుకులకున్న ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు 2011 ప్రకారం అక్కడ ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకోకూడదు. అడిగి చూడండి, "కూలింగ్ చార్జీ సార్" అంటాడు. చల్లగా లేని సీసా ఇవ్వమంటే చిల్లర లేదంటాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తప్పకుండా ఫోన్ చేయవచ్చు. మీరు నంబరు నొక్కేలోపు డ్రైవరుగారు చెయ్యి కడుక్కుని హారన్ కొడతారు.

ఇక బిల్లు. అడిగితే అట్టముక్క మీద రాసిస్తారు. ఒక్కోసారి దాని మీద జీఎస్టీ నంబరు ఉండదు, 5 శాతం జీఎస్టీ మాత్రం ఉంటుంది. చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టుకునే కాంపోజిషన్ స్కీములో ఉన్న హోటలైతే వినియోగదారుడి నుంచి పన్ను వసూలు చెయ్యనేకూడదు. సర్వీస్ చార్జీ మాత్రం ఈ హోటళ్లు వెయ్యవు. లేనిదానికి డబ్బు తీసుకోకూడదన్న నీతి వాళ్లకుంది.

బస్సు హోటళ్లనే పొగిడితే విహారయాత్రల వాళ్లు నొచ్చుకుంటారు. విశాఖ నుంచి కారు మాట్లాడుకుని అరకు వెళ్లండి. అనంతగిరి ఘాట్ మీద మీకు ఆకలి ఎక్కడ వెయ్యాలో కారు డ్రైవరుకు ముందే తెలుసు. "ఇక్కడ బాగుంటుంది సార్, నేనెప్పుడూ ఇక్కడే ఆపుతా" అంటాడు. ఆపుతాననే అన్నాడు, తింటాననలేదు, గమనించండి. బొంగు చికెన్ అంటే మసాలా పట్టించిన కోడి ముక్కల్ని వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, చుక్క నూనె లేకుండా నిప్పుల మీద కాల్చే గిరిజనుల వంట. తాపీగా కాలాలి. రోడ్డు పక్క పాకల దగ్గర అలా కాల్చి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల జోలికి పోవద్దు. వ్యూ పాయింట్ ఎదురుగా అద్దాల హాలు కట్టినచోట అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. నూనె తేలుతూ ఉంటుంది. బొంగు మీద మసి మచ్చ కూడా ఉండదు. అంత శుభ్రత!

కానీ మనం ఈ విద్యలో ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నాం. వెనిస్‌లో సెయింట్ మార్క్స్ స్క్వేర్ దగ్గర నలుగురు జపాన్ విద్యార్థులు నాలుగు మాంసం ముక్కలు, ఒక ప్లేటు వేయించిన చేపలు తిని నీళ్లు తాగితే 1,100 యూరోలకు పైగా బిల్లు వేశారు. 2018లో ప్రపంచమంతా చదివింది. మన గోవాలో మెనూ మీద పీత ఎదురుగా "సైజును బట్టి" అని రాసి, ఆ సైజు తిన్నాక చెప్పేవాళ్లు కొంత ఆశ కలిగిస్తున్నారు.

ఇంత చెప్పినా "తప్పించుకునే దారి లేదా?" అని అడిగే మొండివాళ్లు కొందరుంటారు. ఉంది. ఏ ఊళ్లోనైనా ఆటో అతన్ని "ఇక్కడ ఎక్కడ బాగుంటుంది?" అని అడిగితే కమిషన్ ఇచ్చే చోటికి తీసుకెళ్తాడు. "అన్నా, మధ్యాహ్నం మీరు ఎక్కడ తింటారు?" అని అడగాలి. ఒక్క క్షణం మిమ్మల్ని ఎగాదిగా చూసి, ఏదో సందులో బోర్డు కూడా లేని మెస్సు చూపిస్తాడు. మెనూలో పంజాబీ, చైనీస్, గుజరాతీ, ఆంధ్రా నాలుగూ ఉన్నాయంటే ఏ ఒక్కటీ వండటం రాదని అర్థం. దద్దోజనం డబ్బా తెచ్చుకుని బెర్తు మీద బాసింపట్టు వేసుకుని తినే పిన్నిగారిని చూసి నవ్వేవాళ్లు నవ్వనీ, కిందికి దిగనక్కర్లేనిది ఆవిడొక్కతే.

హైవే మీద సొంత బండిలో వెళ్తుంటే బస్సులు ఆగినచోట ఆగకండి, లారీలు ఆగినచోట ఆగండి. లారీ డ్రైవరు కూడా డ్రైవరే, అయితే తన అన్నానికి తనే డబ్బిస్తాడు. పప్పు నీళ్లలా ఉంటే గిన్నె తోసేస్తాడు, వారం తిరక్కుండా మళ్లీ అదే దారిన వచ్చి అడుగుతాడు కూడా. అందుకని అక్కడ చపాతీ వేడిగా వస్తుంది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఊరికే ఇస్తారు, ధర అందరికీ ఒకటే.

ఈ మాట మాత్రం మీలోనే ఉంచుకోండి. ఇప్పటికే నగరాల్లో ఏసీ హాలు కట్టి, నులకమంచాలు వేసి, గోడలో సగం లారీ ఇంజను దిగ్గొట్టి, ఇత్తడి బకెట్లో పప్పు పోసి ఇచ్చి మూడు వందల యాభై తీసుకునే ధాబాలు వచ్చేశాయి. అక్కడికి మనల్ని ఏ డ్రైవరూ తీసుకెళ్లడం లేదు. వారం ముందే టేబుల్ బుక్ చేసుకుని, పిల్లాజెల్లాతో మనమే వెళ్తున్నాం.