నీలం తాళంచెవి, నెల్లూరు వ్యాఖ్యాతలు

మొలగొలుకుల బియ్యం, రొయ్యలు, గూడూరు నిమ్మకాయల తర్వాత నెల్లూరు సీమలో ఇప్పుడు విరివిగా దిగుబడి వస్తున్న పంట వివరణ. అందులోనూ అమెరికా దర్శకుడు డేవిడ్ లించ్ 2001లో విడుదల చేసిన ‘ముల్‌హాలండ్ డ్రైవ్’ మీద వివరణకు గిరాకీ ఎక్కువ. సినిమా 2 గంటల 27 నిమిషాలే. ట్రంకు రోడ్డులో టీ గ్లాసు పట్టుకుని దానికి మూడు గంటలు అర్థం చెప్పగలవాళ్లున్నారు. ఏ తర్ఫీదూ లేకుండా ఈ వృత్తిలో దిగుతున్న కుర్రాళ్ల మేలు కోరి కొన్ని మెళకువలు రాసి పెట్టడం మన విధి.

అసలు సంగతి అయిదు నిమిషాల్లో అయిపోతుంది. వృత్తికి అదే పెద్ద దెబ్బ. డయేన్ అవకాశాల్లేని నటి. తనను వదిలేసిన కెమిల్లాను డబ్బిచ్చి చంపించి, పడుకుని కల కన్నది. కలలో తను బెట్టీ, మహానటి కాబోతున్న పిల్ల. కెమిల్లా ఏమో జ్ఞాపకం పోయి, పేరు కూడా తెలియక, గోడ మీది పోస్టర్‌లో ‘రీటా’ అని చూసి అదే తన పేరని చెప్పుకుని, బెట్టీ కొంగు పట్టుకుని తిరిగే మనిషి. ఆ కలలో దొరికిన ఒక నీలం పెట్టె తెరుచుకునే దాకా ఇదే వరస. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరాలని ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె పట్టుకున్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. మెలకువలో చేతికందని రొట్టెలన్నీ ఆ పిల్ల నిద్రలో ఒకేసారి పట్టేసింది.

ఇంత తేలిగ్గా చెప్పేస్తే రెండో టీ ఎవరు పోయిస్తారు? అందుకే సాక్ష్యాలు కావాలి. మొదటిది హోటల్లో వడ్డించే అమ్మాయి ఛాతీ మీది పేరుబిళ్ల. కలలో దాని మీద డయేన్ అని, మెలకువలో బెట్టీ అని ఉంటుంది. కలగన్న మనిషి ఆ పేరును అక్కడే ఎత్తుకొచ్చింది. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఎదుటివాడు ‘అన్నా’ అనడం మొదలుపెడతాడు.

రెండోది యాష్‌ట్రే. కొత్తవాళ్లు జారిపడేది ఇక్కడే. చివరి భాగంలో కాలం వరుసగా నడవదు. పక్కింటావిడ వచ్చి పియానో ఆకారంలో ఉన్న తన యాష్‌ట్రే తీసుకుపోతుంది. పని అయ్యాక కనిపిస్తుందని కిరాయి హంతకుడు చెప్పిన నీలం తాళంచెవి అప్పటికే టీపాయ్ మీద పడి ఉంటుంది, అంటే హత్య అయిపోయింది. కాసేపటికి అదే టీపాయ్ మీద యాష్‌ట్రే మళ్లీ కనిపిస్తే అది గతమని లెక్క. డయేన్ వంటింట్లోంచి కాఫీ కప్పుతో బయల్దేరి సోఫా దగ్గరికొచ్చేసరికి చేతిలో సారా గ్లాసుంటుంది, ఒంటి మీది గౌను పోయి వేరే బట్టలుంటాయి. ఈ లెక్క పట్టనివాడు “సచ్చిపోయిన కెమిల్లా మళ్లీ యాడ్నించి వచ్చిందబ్బా?” అని దయ్యం సిద్ధాంతం లేపుతాడు. వాణ్ని తిట్టకూడదు. కావలి దాటాక వాడికీ శిష్యులు దొరుకుతారు.

ఇక దర్శకుడి అపరాధం చూడండి. డీవీడీతో పాటు పది ఆధారాలు అచ్చువేసి పంచాడు. ఎర్ర లాంప్‌షేడ్ గమనించండి, రూత్ పిన్ని ఎక్కడుంది, తాళంచెవి ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు... పదో తరగతి బిట్ పేపర్ లాగే ఉంటాయి, ‘కీ’ మాత్రం ఇవ్వలేదు. సినిమాలో ఆ తాళంచెవి చూపించిన కిరాయి హంతకుణ్ని “దీంతో ఏం తెరుచుకుంటుంది?” అని డయేన్ అడిగితే వాడు నవ్వుతాడు. వ్యాఖ్యాతలకు లించ్ ఇచ్చిన జవాబు నాకు తెలిసి ఆ నవ్వొక్కటే.

ఏ సిద్ధాంతానికీ లొంగని ముక్కలు కొన్ని మిగులుతాయి. ఉదాహరణకు, రీటా జ్ఞాపకం పోగొట్టిన కారు ప్రమాదం జరిగిన చోటికి ఇద్దరు డిటెక్టివులు గంభీరంగా వచ్చి, నాలుగు మాటలాడి వెళ్లిపోతారు. తర్వాత పక్కింటావిడ నోట ‘వాళ్లు మళ్లీ వచ్చారు’ అన్న మాట తప్ప వాళ్ల జాడ ఉండదు. ఈ ఇద్దరూ అహంకార మమకారాలని చెప్పగల పండితులు మనకున్నారు. అసలు సంగతి ఏమంటే, ఇది మొదట 1999లో ఏబీసీ ఛానెల్ కోసం తీసిన సీరియల్ తొలి భాగం. ఛానెల్ వద్దంది. ఆ తర్వాతి భాగాల్లో ఆ డిటెక్టివులకు పని ఉండేది కాబోలు. ఆ భాగాలే రాలేదు. ఫ్రాన్సు నుంచి డబ్బొచ్చాక లించ్ కొత్త సన్నివేశాలు తీసి, పాతదాన్నంతా కల కిందికి తోశాడు.

మన జిల్లాల వాళ్లకు ఇది కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, నెల్లూరు తిక్కన దాని జోలికి పోకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాసేశాడు. ఆ ఖాళీని తర్వాత అద్దంకి రెడ్డిరాజుల కొలువులోని ఎఱ్ఱన పూరించాడు. అతుకు కనబడకూడదని, నన్నయే రాస్తున్నట్టు రాజరాజ నరేంద్రుడికే చెబుతూ పోయాడు. లించ్ తన నన్నయకు తానే ఎఱ్ఱన అయ్యాడు. కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి కూడా వచ్చింది, ఇంకో దర్శకుడు జోయెల్ కోయెన్‌తో సగం పంచుకుని. ఈ పోలిక వాడుకునేవాళ్లు ముందు ఎదుటివాడు తెలుగు మాస్టారు కాడని నిర్ధారించుకోవాలి. అయితే గనక జాగ్రత్, స్వప్న, సుషుప్తి మీదుగా జనకుడి కల దాకా వెళ్తారు, నీలం పెట్టె తురీయమవుతుంది, టీ కొట్టు మూసేస్తారు.

వృత్తి రహస్యం ఇంకొకటి. చేపల పులుసులో గరిటె పెట్టి తిప్పితే ముక్క విరుగుతుంది. దాక రెండు చెవులూ పట్టుకుని కుదపాలి, ఆ పూటకు వదిలేసి మర్నాడు తినాలి. ఈ సినిమాకూ అదే పద్ధతని తెలిసినవాళ్లంటారు. కానీ మర్నాటి దాకా ఆగితే వీడియో ఎవడో పెట్టేస్తాడు గదా.

కలలో బెట్టీ, రీటా అర్ధరాత్రి వెళ్లే సైలెన్సియో క్లబ్బు దగ్గర మాత్రం ఎవరికీ పని ఉండదు. బ్యాండు లేదు, అంతా రికార్డింగే అని వేదిక మీది మనిషి ముందే చెప్పేస్తాడు. అయినా గాయని పాడుతుంటే కుర్చీల్లో ఆ ఇద్దరు ఆడపిల్లలూ వెక్కి వెక్కి ఏడుస్తారు. పాడుతూ పాడుతూ గాయని కుప్పకూలుతుంది, పాట ఆగదు. ఆ ఘట్టం రాగానే మన వ్యాఖ్యాతలు లేచి, ఇంకో టీ చెప్పి వస్తారు.