ఆ ముక్కను ఇంటికి తెచ్చుకోకండి

"పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్కను అక్కడ వదలొద్దు, అడిగి ఇంటికి తెచ్చుకోండి. రీసెర్చ్ ల్యాబుల్లో దాచుకుని అమ్ముకుంటారు. రోగికి వీసమెత్తు మేలు లేదు. పైగా పది ఆస్పత్రుల ముక్కలు ఒకే ల్యాబుకు పోతే ఎవరిది ఎవరిదో తారుమారే." ఈ మెసేజ్ మా బంధువుల గ్రూపులోనే ముగ్గురు పెట్టారు. నేను పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. చూసి ఊరుకోలేకపోయాను.

ముందు ఇంటికి తెచ్చుకునే సంగతి. గడ్డ బయటికి తీశాక, కుళ్లకుండా కాపాడే ద్రవమైన ఫార్మలిన్‌లో వేస్తారు. తర్వాత మేం దాన్ని కోసి, అది పేగు గోడలో ఎంత లోతుకు దిగిందో, చుట్టుపక్కల లింఫు గ్రంథుల్లోకి పాకిందో లేదో చూస్తాం. కనీసం 12 గ్రంథులైనా చూడాలన్నది నియమం. కొవ్వులో దాగిన ఆ గింజల్ని వేళ్లతో తడిమి తడిమి ఏరాలి. ఒక్క గ్రంథిలో క్యాన్సర్ కనబడినా రెండో స్టేజి కాస్తా మూడో స్టేజి అవుతుంది, కీమో ఇవ్వాలా వద్దా అన్నదే మారిపోతుంది. ముక్క సీసాలో పెట్టుకుని ఇంటికెళ్తే ఈ లెక్క తేల్చేదెవరు? వారాల తరబడి ఫార్మలిన్‌లో నానితే అందులోని డీఎన్‌ఏ కూడా తునకలై, జన్యు పరీక్షలకు అక్కరకు రాకుండా పోతుంది.

"రోగికి మేలు లేదు" అన్న మాటే నన్ను బాగా బాధపెట్టింది. సెటుక్సిమాబ్ అని ఖరీదైన ఇంజక్షన్ ఉంది. కెనడా, ఆస్ట్రేలియా వైద్యులు ముదిరిన పేగు క్యాన్సర్ ఉన్న 572 మందితో దాన్ని పరీక్షించి, ఆయుష్షు కొంత పెరిగిందని 2007లో ప్రకటించారు. ఎవరికి పెరిగిందో మాత్రం అప్పటికి తేలలేదు. రోగుల గడ్డల ముక్కలు దాచి ఉంచారు కాబట్టి, 394 మందివి బయటికి తీసి కేరాస్ అనే జన్యువును చదివారు. వందలో 42 మందికి గడ్డలో ఆ జన్యువు మారిపోయి ఉంది. వాళ్లకు ఇంజక్షన్ ఏ మేలూ చేయలేదు. జన్యువు మారనివాళ్లలో మధ్యస్థ ఆయుష్షు 4.8 నెలల నుంచి 9.5 నెలలకు పెరిగింది. 2008లో అచ్చయిన ఫలితమిది. ఇప్పుడు ఈ మందు మొదలుపెట్టే ముందు, కేరాస్‌నూ దాని తోబుట్టువు జన్యువునూ చూసే రాస్ పరీక్ష చేయించేది అందుకే. పనిచేయని మందుకు పొలం అమ్ముకోవడం, ఆ మందు వల్ల ముఖం, ఛాతీ మీద లేచే మొటిమల్లాంటి పొక్కులతో బాధపడటం ఎంతమందికి తప్పాయో ఆలోచించండి. ఆ దాచిన ముక్కలే లేకపోతే అది తెలిసేది కాదు.

సొంత మేలూ ఉంది. జబ్బు రెండు మూడేళ్లకు కాలేయంలో తిరగబెడితే డాక్టర్లు "పాత బ్లాకు ఉందా?" అని అడుగుతారు. బ్లాకంటే గడ్డ ముక్కను మైనంలో పొదిగి దాచే చిన్న దిమ్మ. దాన్నుంచి 4 మైక్రాన్ల పలుచని పొరలు పదుల కొద్దీ వస్తాయి. ముందు రోగి పరీక్షలకు, మిగిలితేనే పరిశోధనకు.

అందరివీ ఒకేచోటికి ఎందుకంటే, ఒక్క ఆస్పత్రికి వచ్చే కేసులు చాలవు. వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ పేగు క్యాన్సర్లలో నూటికి మూడు మాత్రమే. ఏడాదికి వంద ఆపరేషన్లు చేసేచోట ముగ్గురు కనిపిస్తారు. ముగ్గురిని చూసి ఏం తేలుస్తాం? అమెరికాలో 276 గడ్డల్ని ఒకే పద్ధతిలో చదివితేనే, 2012లో, నూటికి 16 గడ్డల్లో జన్యుమార్పులు విపరీతంగా ఉన్నాయని తేలింది. జన్యువుల్ని చదివే, కోట్లు పెట్టి కొనే సీక్వెన్సర్‌ను ప్రతి ఊళ్లోనూ పెట్టలేం కూడా.

తారుమారు భయం నిజమైనదే. అందుకే బార్‌కోడ్ ఉంటుంది, పరిశోధకుడికి పేరు బదులు కోడ్ వెళ్తుంది, గడ్డ డీఎన్‌ఏను అదే మనిషి రక్తంతో పోల్చి చూడొచ్చు. సరిపోలకపోతే ఆ నమూనాను పక్కన పెడతారు.

"అమ్ముకుంటారు" అన్న అనుమానం మాత్రం ఊరికే పుట్టలేదని ఒప్పుకుంటాను. మా మేనత్త ఆపరేషన్‌కు ముందు రాత్రి పది గంటలకు ఇంగ్లీషులో ఉన్న కాగితాల కట్ట ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అందులో పరిశోధన సమ్మతి ఒకటని మాకు తర్వాత తెలిసింది. అది తప్పు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి రోగికి అర్థమయ్యే భాషలో తీసుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కూ ఉంది. ఇష్టం లేకపోతే పరిశోధనకు ఇవ్వకండి, దానివల్ల వైద్యం ఆగకూడదు.

ఏం నిర్ణయించుకున్నా, డిశ్చార్జి రోజున బయాప్సీ రిపోర్టు మీదున్న నంబరు రాసి పెట్టుకోండి. రేపు మీ బ్లాకు వెతకాలంటే ఆ నంబరే కావాలి.