గ్రాఫిక్స్ తేలిపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు

పెద్ద సినిమా టీజర్ పొద్దున వస్తే సాయంత్రానికల్లా తీర్పు వచ్చేస్తుంది. 'గ్రాఫిక్స్ అదిరిపోయాయి' అంటారు, లేదంటే 'గ్రాఫిక్స్ తేలిపోయాయి' అంటారు. మధ్యలో ఇంకో మాటకు చోటు లేదు. తేలిపోయినప్పుడు నింద పడేది స్టూడియోల్లో రాత్రింబవళ్లు కూర్చుని పనిచేసినవాళ్ల మీద. బడ్జెట్ చాలలేదేమో అని కొందరు, హాలీవుడ్ కంపెనీకి ఇచ్చి ఉంటే బాగుండేదని ఇంకొందరు అంటుంటారు. నేను ఈ లెక్కను ఒప్పుకోను. తెర మీద తేలిపోయిన షాట్లలో చాలా భాగం కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికే పాడైపోయి ఉంటాయి. కథ దగ్గర తేల్చుకోవాల్సినవి తేల్చుకోలేదు, సెట్లో పడాల్సిన జాగ్రత్త పడలేదు, 'పోస్ట్‌లో (అంటే షూటింగ్ అయ్యాక చేసే పనిలో) చూసుకుందాంలే' అని ముందుకెళ్లిపోయారు. అసలు జబ్బు అక్కడుంది.

'పోస్ట్‌లో చూసుకోవడం' అనే వీలే లేని కాలంలో ఏం చేశారో చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. 1957లో 'మాయాబజార్' వచ్చింది. కె.వి.రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. ట్రిక్ ఫొటోగ్రఫీకి అప్పట్లో ఉన్న సాధనాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక ఫ్రేము తీసి, వస్తువును కాస్త జరిపి, మళ్లీ ఫ్రేము తీయడం. లెన్సుకు సగం నల్ల మాస్కు అడ్డుపెట్టి తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మిగతా సగం తీయడం. కంటికి కనపడని తీగలు కట్టి లాగడం. బొమ్మ ఇళ్లతో ఊరు కట్టడం. రెండోసారి తీసేటప్పుడు కెమెరా వెంట్రుకవాసి కదిలినా, లైటు కొంచెం మారినా ఆ నెగెటివ్ మొత్తం పాడైనట్టే. తప్పు దిద్దుకునే అవకాశం లేదు. అందుకే ప్రతి షాటూ కెమెరా తిరగకముందే వాళ్ల తలలో పూర్తయి ఉండేది. కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ పెట్టుకుని సీను నిడివి ముందే లెక్కకట్టేవారని, సెట్లోకి వెళ్లాక స్క్రిప్టులో ఏదీ మార్చనిచ్చేవారు కాదని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు. 'వివాహ భోజనంబు' పాటలో లడ్డూ ఎగిరొచ్చి ఎస్వీ రంగారావు నోట్లో పడటం వెనక ఉన్న అసలు టెక్నాలజీ ఆ క్రమశిక్షణే.

దాన్ని మించింది ఇంకొకటుంది. ఆ సినిమాలో అన్నిటికన్నా పెద్ద స్పెషల్ ఎఫెక్ట్ సావిత్రి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాడన్నది కెమెరా చేసే పని, అది క్షణాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఎంతోసేపు మనల్ని నమ్మించింది ఆమె నడక. ఆ తల విదిలింపు, ఆ కళ్లెర్రజేయడం, 'అహ నా పెళ్లంట' పాటలో సిగ్గుపడుతూనే ఉన్నట్టుండి మగ పోకడలోకి జారడం... అందులో రాక్షసుడు కనిపిస్తాడు. రేలంగి బెదిరిపోయి చూసే చూపు దానికి తోడు. ఆ చూపు లేకపోతే ఆ మాయ సగమే. ఎఫెక్ట్‌ను నమ్మాల్సినవాడు ముందు తెర మీద ఉన్న నటుడు. అతను నమ్మితేనే మనం నమ్ముతాం. ఈ సంగతి డెబ్బై ఏళ్లలో ఏమీ మారలేదు.

ఇప్పటి సెట్లోకి వద్దాం. ఆకుపచ్చ మ్యాట్ ముందు హీరో నిలబడ్డాడు. తర్వాత ఆ ఆకుపచ్చను తీసేసి అక్కడ వేరే దృశ్యం పెడతారు. ఆకుపచ్చే ఎందుకంటే మనిషి ఒంటి రంగులో అది ఉండదు, పైగా డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ఎరుపు, నీలంతో పోలిస్తే ఆకుపచ్చను పట్టే పిక్సెళ్లు రెట్టింపు ఉంటాయి. సరిగ్గా లైటింగ్ చేస్తే మనిషిని మ్యాట్ నుంచి శుభ్రంగా విడదీయొచ్చు. చేయకపోతే ఆ పచ్చటి వెలుగు తిరిగి హీరో చెంప మీద, జుట్టు అంచుల మీద పడుతుంది. తర్వాత దాన్ని తుడవబోతే జుట్టు కొసలు తెగిపోతాయి, ముఖం పాలిపోతుంది. 'కత్తిరించి అతికించినట్టుంది' అని ప్రేక్షకుడు అనేది దీన్నే.

ఇంకో చిన్న పని ఉంది. షాట్ అయిపోగానే ఎఫెక్ట్స్ టీమ్ మనిషి ఒకరు రెండు గోళాలు పట్టుకుని, హీరో నిలబడిన చోటే నిలబడతారు. ఒకటి అద్దంలా మెరిసేది, రెండోది బూడిద రంగుది. మెరిసే గోళంలో సెట్లోని లైట్లన్నీ ఏది ఎక్కడుందో కనిపిస్తుంది. బూడిద రంగు గోళం మీద వెలుగు ఎటు పడింది, నీడ ఎంత మెత్తగా ఉంది అన్నది తెలుస్తుంది. రేపు ఆ హీరో పక్కన కంప్యూటర్‌లో చేసిన పులిని నిలబెట్టాలంటే దాని మీద ఇదే వెలుగు పడాలి. పని మొత్తం కలిపితే రెండు నిమిషాలు. షూటింగ్ హడావిడిలో మొదట ఎగిరిపోయేది ఆ రెండు నిమిషాలే. వాటిని మిగిల్చుకున్నందుకు ఆర్నెల్ల తర్వాత ఒక లైటింగ్ ఆర్టిస్టు ఊహించుకుంటూ కూర్చోవాలి. పులి పాదం కింద నీడ నేలకు అతుక్కోదు. ఏం తప్పుందో ప్రేక్షకుడు చెప్పలేడు గానీ, పులి గాల్లో తేలుతోందని అతని కన్ను పసిగట్టేస్తుంది.

ముందుచూపు ఎంత పనిచేస్తుందో చెప్పడానికి మన దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చిన ఈ ఐదు సినిమాలు చూడండి: మగధీర, ఈగ, బాహుబలి మొదటి భాగం, రెండో భాగం, ఆర్ఆర్ఆర్. ఎఫెక్ట్స్ బాధ్యత అన్నిటికీ ఒకరిది కాదు. మగధీరకు, బాహుబలి రెండో భాగానికి అవార్డు అందుకున్నది ఆర్.సి.కమలకణ్ణన్. ఈగకు హైదరాబాద్‌లోని మకుట సంస్థ. బాహుబలి మొదటి భాగానికి, ఆర్ఆర్ఆర్‌కు వి.శ్రీనివాస్ మోహన్. సూపర్‌వైజర్లు మారారు, స్టూడియోలు మారాయి, ఖర్చు స్థాయి మారింది. మారనిది దర్శకుడు రాజమౌళి. ఆయన సినిమాల కథల మీద ఎన్ని అభిప్రాయాలైనా ఉండొచ్చు, నాకూ ఉన్నాయి. కానీ ఎఫెక్ట్‌ను కథలో భాగంగా ముందే కూర్చుకోవడంలో ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఈగ సంగతే తీసుకుందాం. 2012 నాటి సినిమా, హీరో ఒక ఈగ. దానికి మాటల్లేవు. ముఖంలో ఎక్కువ భాగం కళ్లే కాబట్టి హావభావాలూ పలకవు. కార్టూన్ బొమ్మకు పెట్టినట్టు పెదాలు, కనుబొమలు పెట్టేస్తే పని తేలికయ్యేది, కానీ అది ఈగ అయ్యేది కాదు. వాళ్లు ఆ దారి పట్టలేదు. కోపం, కసి, గెలిచిన సంబరం అన్నీ కాళ్లతో, తల తిప్పడంతో, ఎగిరే తీరుతోనే చెప్పించారు. మిగతా సగం బరువు విలన్‌గా చేసిన సుదీప్ మోశాడు. ఎదురుగా ఏమీ లేదు, అయినా అతని చూపు ఒక బిందువు మీద నిలిచి, దానితోపాటే కదులుతుంది. ఆ చూపు ఒక అంగుళం అటూ ఇటూ అయితే సినిమా కూలిపోయేది. అంగుళం లెక్క సెట్లో సరిచూసుకోవాల్సిందే, తర్వాత ఎవరూ దిద్దలేరు.

బాహుబలి షూటింగ్ 2013 జులైలో కర్నూలు దగ్గర రాక్ గార్డెన్స్‌లో మొదలైంది, మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. మధ్యలో రెండేళ్లున్నాయి. ఆ జలపాతాన్నే చూడండి. నీళ్లు ఎఫెక్ట్స్‌లో అతి కష్టమైన వాటిలో ఒకటి. పడే ధార, బండకు తగిలి చిట్లే తుంపర, పైకి లేచే పొగమంచు లాంటి ఆవిరి, మూడింటి కదలిక మూడు రకాలు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ నీరు మెల్లగా పడుతున్నట్టు కనిపించాలి. వేగం కాస్త పెరిగితే కొండంత జలపాతం కూడా కుళాయి ధారలా అయిపోతుంది. ఇలాంటివి తొందరపెడితే వచ్చేవి కావు.

తొందరపెడితే ఏమవుతుందో కూడా చూశాం. 'ఆదిపురుష్' టీజర్ 2022 అక్టోబరు 2న అయోధ్యలో విడుదలైంది. విమర్శలు వెల్లువెత్తాయి. 2023 సంక్రాంతికి జనవరి 12న రావాల్సిన సినిమాను జూన్ 16కు వాయిదా వేశారు. డబ్బుకు లోటున్న సినిమా కాదది. ఐదు నెలల అదనపు సమయమూ దొరికింది. అయినా విడుదలయ్యాక అవే మాటలు మళ్లీ వినిపించాయి. అందులో నాకు ఆశ్చర్యమేమీ లేదు. పాత్ర రూపం ఎలా ఉండాలి, ఆ లోకం వెలుగు ఏ రంగులో ఉండాలి, కెమెరా ఎంత దూరంలో నిలబడాలి అన్నవి కథతోపాటు పుట్టాల్సిన నిర్ణయాలు. ఆ ఐదు నెలల్లో అంచులు నునుపు చేయగలరేమో, పునాది మార్చలేరు. రాముడి కథ మన జనం కళ్లలో ఇప్పటికే ఒక రూపంతో ఉంది. బాపు బొమ్మలు చూసి పెరిగిన ప్రేక్షకుడి ముందు కొత్త రూపం నిలబెట్టాలంటే ఎంత ఆలోచన కావాలి!

డబ్బే సర్వస్వం కాదనడానికి 'హనుమాన్' ఉండనే ఉంది. 2024 సంక్రాంతికి పెద్ద సినిమాల మధ్య చిన్న బడ్జెట్‌తో వచ్చింది. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. తన దగ్గరున్న డబ్బుకు ఏం చేయగలమో తెలిసి కథ రాసుకున్న సినిమా అది. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ తమాయించుకోవాలో తెలియడం కూడా ఎఫెక్ట్స్ పనే.

తమాయించుకోవడం మాటకొస్తే, 1993 నాటి 'జురాసిక్ పార్క్'లో డైనోసార్లు తెర మీద కనిపించేది మొత్తం కలిపి దాదాపు పావుగంట. అందులోనూ సగానికి పైగా నిజంగా తయారుచేసిన యంత్రపు బొమ్మలే. మిగిలిన సినిమా అంతా వాటి కోసం ఎదురుచూపు, అడుగుల చప్పుడు, గ్లాసులో వణికే నీళ్లు. మన 'కల్కి 2898 ఏడీ' కూడా బుజ్జి విషయంలో మంచి పని చేసింది. ఆ కారును కంప్యూటర్‌కు వదిలేయకుండా కోయంబత్తూరులో నిజంగా తయారుచేయించారు. ఆరు టన్నుల బండి నేల మీద కదిలితే టైరు కింద నేల ఎలా నలుగుతుందో, మలుపులో ఒళ్లెలా వాలుతుందో కెమెరాకు దొరుకుతుంది. దాని చుట్టూ ఎంత కల్పన అల్లినా మధ్యలో ఒక నిజం ఉంటుంది. ఆ సినిమాకు మార్గదర్శిగా ఉన్నది సింగీతం శ్రీనివాసరావు. మాయాబజార్‌కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసింది కూడా ఆయనే. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మన ఎఫెక్ట్స్ పరంపర హాలీవుడ్ నుంచి అరువు తెచ్చుకున్నదేమీ కాదు.

ఇక ఎవరికీ కనపడని పని గురించి. ఎఫెక్ట్స్ అంటే రాక్షసులు, యుద్ధాలు అనుకుంటాం గానీ మామూలు కుటుంబ కథలో కూడా ఫైటర్ నడుముకున్న తీగ చెరపాలి, పాతకాలం వీధిలో సెల్ టవర్ తీసేయాలి, మబ్బు పట్టిన ఆకాశం మార్చాలి. దీనికి రోటో కావాలి. అంటే మనిషి అంచు వెంబడి ఫ్రేము ఫ్రేముకూ గీత గీయడం. సెకనుకు 24 ఫ్రేములు, ఐదు సెకన్ల షాట్‌కు 120. వేళ్లు, జుట్టు, గాలికి ఎగిరే చీరకొంగు అన్నీ గీయాలి. పని బాగా చేస్తే చేసినట్టే తెలియదు. చెడితేనే పేరొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో వస్తున్న ఏఐ ఈ చాకిరీని కొంత తగ్గిస్తోంది, మంచిదే. కానీ దాన్ని చూపించి గడువులు ఇంకా బిగిస్తే ఆ మేలు ఆర్టిస్టుకు దక్కదు.

ఎందుకంటే ఈ వ్యాపారం నడిచే తీరే అలాంటిది. చాలా ఒప్పందాల్లో స్టూడియో మొత్తం పనికి ఇంత అని ముందే ఒక ధరకు ఒప్పుకుంటుంది. దర్శకుడు పదోసారి మార్పు అడిగినా ఆ ధరలోనే చేయాలి. నిర్ణయం ఆలస్యం చేసినవాడికి ఖర్చు లేదు, పనిచేసేవాడికి నిద్ర లేదు. ఈ లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో 2013 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. 'లైఫ్ ఆఫ్ పై'లో ఆ పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెల 24న ఆ పులికే ఆస్కార్ వచ్చింది. వేదిక మీద ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్ తమ సంస్థ కష్టం గురించి చెప్పబోతుంటే సంగీతం పెంచి మైకు ఆపేశారు. బయట వందలమంది ఆర్టిస్టులు నిరసన తెలుపుతున్నారు. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అంటే ఆ దెబ్బ మన పిల్లలకూ తగిలింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే ఎఫెక్ట్స్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబైల్లో మళ్లీ అదే కథ.

కాబట్టి మన నిర్మాతలను అడగాల్సింది కొత్త సాఫ్ట్‌వేర్ గురించి కాదు. ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్‌ను కథ చర్చల్లో కూర్చోబెడుతున్నారా? షూటింగ్‌లో 'ఇది ఇలా తీస్తే కుదరదు' అని చెప్పే అధికారం అతనికుందా? షాట్లు ఎన్నో తేలకముందే పండక్కి రిలీజ్ డేట్ ఎందుకు వేస్తున్నారు? ఎడిటింగ్ ఖరారయ్యాక వచ్చే మార్పులకు వేరుగా డబ్బు ఇస్తామని ఒప్పందంలో రాస్తున్నారా? రోటో చేసిన కుర్రాడి పేరు టైటిల్స్‌లో ఉందా? హీరో పారితోషికం కాగితం మీద ఎంత పక్కాగా రాస్తారో, ఆ మార్పుల లెక్కనూ అంతే పక్కాగా రాయించాలి. రేపు ఏ షాట్ అయినా తేలిపోతే, ఏ తేదీన ఏ మార్పు ఎవరు అడిగారో ఆ కాగితమే చెబుతుంది.