రాయల్ పామ్ నీడలో మా వియ్యంకుడు

ఇల్లు కట్టడం అయిపోయాక చేతిలో డబ్బు మిగలకూడదు. మిగిలితే బుద్ధి పక్కదారి పడుతుంది. నాకు పన్నెండేళ్ల కిందట అదే జరిగింది. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు మా కాలనీలో ఇల్లు లేచింది, రంగులు అయ్యాయి, గృహప్రవేశం అయింది. లెక్క చూసుకుంటే ఇంకా కొంత మిగిలింది. ఆ డబ్బుతో ఓ వేప, ఓ నిమ్మ, ఓ కరివేపాకు పెడదామంది మా ఆవిడ. నేను వింటేనా!

అంతకు వారం ముందే హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లొచ్చాను. గేటు నుంచి మెట్ల దాకా రెండు వరుసల్లో చెట్లు. మొదలు సిమెంటు స్తంభంలా బూడిద రంగు, మెడ దగ్గర నిగనిగలాడే పచ్చదనం, నెత్తిన ఈకల కుచ్చు. ఆటో దిగుతుంటే అన్నీ నాకే సలాం కొడుతున్నట్టు అనిపించింది. ఆ సలాం ఇంటి దగ్గర రోజూ కావాలనిపించింది. కడియం నుంచి లారీలో దిగిన సరుకు అని నర్సరీ అతను చెప్పిన రెండు రాయల్ పామ్ మొక్కలు తెచ్చి, గేటుకు అటొకటి ఇటొకటి పెట్టించాను.

మా ఎదురింట్లో రిటైరైన పంతులుగారు ఉంటారు. వయసులో ఉన్నప్పుడు ఎర్రజెండా మోసిన మనిషి. కాలనీలో అందరం కామ్రేడ్ అనే పిలుస్తాం. ఆయన వచ్చి, "ఇదేం చెట్టు?" అన్నాడు.

"రాయల్ పామ్. క్యూబా జాతీయ వృక్షం" అన్నాను, ఫోన్లో చదివింది అప్పజెబుతూ.

ఆయన ఆ మొక్కను కింద నుంచి పైదాకా చూశాడు. "క్యూబా నుంచి ఇంకేదో వస్తదని మేం ఎన్నేండ్లు ఎదురుచూసినం. వచ్చింది ఇదా!" అని లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగేళ్లు అవి పెరిగినట్టే కనిపించలేదు. నీళ్లు మాత్రం ఎద్దు తాగినట్టు తాగేవి. ఎండాకాలంలో బోరు బుడగలు కక్కుతుంటే, స్నానానికి ఒక బకెట్టు, చెట్లకు నాలుగు అన్నట్టుండేది మా ఇంట్లో. అంత పోసినా కింది ఆకులు పసుపు పచ్చబడ్డాయి. మెగ్నీషియం తక్కువైందని తెలిసి ఎరువుల షాపుకు పోయాను. మా వైపు బత్తాయి రైతులు ఎక్కువ కాబట్టి షాపాయనకు తోటల సంగతి బాగా తెలుసు. మెగ్నీషియం సల్ఫేట్ అడగ్గానే, "ఎన్ని ఎకరాలు సార్?" అన్నాడు.

"రెండు."

"రెండెకరాలా?"

"రెండు చెట్లు."

షాపులో ఉన్న ముగ్గురు రైతులూ నా వైపు తిరిగారు. "కాపు ఎట్లున్నది?" అన్నాడు అందులో పెద్దాయన.

"కాపు ఉండదు. అందానికి."

ముగ్గురూ మళ్లీ అటు తిరిగిపోయారు.

అక్కడితో ఊరుకోకుండా ఒక ట్రాక్టరు పశువుల ఎరువు తోలించాను. సగం చెట్లకు వేసి, మిగతాది కాంపౌండ్ మూలకు కుప్ప పోయించాను. ఆర్నెల్లు తిరక్కుండా కొత్తగా విచ్చుకున్న మట్ట, ఎవరో కత్తెర పెట్టి వీ ఆకారంలో కత్తిరించినట్టు బయటికొచ్చింది. కొమ్ము పురుగట. అది పెంటకుప్పలో గుడ్లు పెడుతుంది, పిల్లలు అక్కడే పెరుగుతాయి, రెక్కలు రాగానే పోయి చెట్టు మొవ్వు తొలుస్తాయి. అంటే దానికి పురిటి గదీ, దానికి పది అడుగుల దూరంలో భోజనశాలా నేనే సొంత డబ్బుతో కట్టించానన్నమాట. కొబ్బరి మొక్కలకు చెప్పే చిట్కా ఒకటి ఉంది, మొవ్వు దగ్గర మట్టల సందుల్లో కలరా ఉండలు పెట్టి ఇసుక పోయాలి. పోశాను. పురుగు సంగతేమో గానీ, ఆ ఏడాది మా గేటు తీస్తే పట్టుచీరల బీరువా తెరిచిన వాసన వచ్చేది.

బతికాయి. బతికి, ఒక్కసారిగా అందుకున్నాయి. ఇంటి పైకప్పు దాటాయి, కరెంటు తీగ దాటాయి. లైన్‌మన్ వచ్చి, "కొమ్మలు కొట్టాలె సార్, తీగలకు తగుల్తున్నయ్" అంటూ తల పైకెత్తి కాసేపు అట్లనే నిలబడ్డాడు. కొమ్మలుంటే కదా! ఈ జాతికి పెరిగే చోటు ఒక్కటే, నెత్తి మీది మొవ్వు. అది తీస్తే చెట్టే పోతుంది. "కొడితే తలకాయ కొట్టాలె. కొట్టమంటరా?" అన్నాడు. హంతకుడిలా అటూ ఇటూ చూసి వద్దన్నాను.

ఈ లోపు పూత మొదలైంది. మా ఆవిడ తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గేసి నడుం ఎత్తేలోపు ముగ్గు మీద గుప్పెడు తెల్లటి పూత రాలేది. పూత తర్వాత శనగ గింజంత కాయలు. మనుషులు తినేవి కావు, పిట్టలు తిని మా స్కూటర్ మీద లెక్క అప్పజెప్పేవి. "వేప పెట్టుకుంటే పండ్లపుల్లయినా దొరికేది" అని ఆమె రోజూ చీపురుతోనే అనేది, నాతో కాదు.

ఎండు మట్టలు తీయించుదామని గౌండ్లాయనను పిలిచాను. తాటిచెట్లెక్కి కల్లు గీసి బతికిన మనిషి. వచ్చి, చెట్టు మీద అరచెయ్యి పెట్టి కింది నుంచి పైకి రాశాడు.

"సారూ, నా దగ్గర మోకున్నది, ముస్తాదున్నది. 2024ల సర్కారు కాటమయ్య రక్షణ కిట్టు గూడ తెచ్చింది. కని ఇది తాడి గాదు. తాడికి గరుకుంటది, కాలు నిలుస్తది. ఇది గచ్చు చేసిన గోడలెక్కున్నది. కల్లు పారుతదా?"

"పారదు."

"ముంజలు?"

"లేవు."

"ఆకు గుడిసెకన్న పనికొస్తదా?"

"రాదేమో."

"మరి నేనెందుకు ఎక్కాలె, నువ్వెందుకు పెంచాలె?" అని మోకు భుజాన వేసుకున్నాడు. గేటు దాటాక వెనక్కి తిరిగి, "ఎండితే మట్ట దానంతటదే ఊడి పడతది. నువ్వు పైకి చూసుడు కాదు, కిందెవరున్నరో చూస్కో" అన్నాడు.

నిజమే, అది తనంతట తనే ఊడుతుంది. మట్ట మొదట్లో చెట్టు మెడను చుట్టుకుని దొన్నెలాంటి తొడుగు ఉంటుంది. అది విడిపోగానే మొత్తం మట్ట తొడుగుతో సహా కిందికి వస్తుంది. చెట్టుకు నెలకొకటి పైచిలుకు. మొదటిది పడ్డ రోజు పాత పేపర్లు కొనే అబ్బాయి కాటా మీద తూస్తే 14 కిలోలు, టేపు పెడితే 11 అడుగులు. చెత్త బండి అతను అది తడి చెత్తో పొడి చెత్తో తేల్చుకోలేక వదిలేసి పోయాడు. వీధి పిల్లలు మాత్రం తేల్చేసుకున్నారు. తొడుగులో ఒకణ్ని కూర్చోబెట్టి, ఈనె పట్టుకుని సందు చివరిదాకా బర్రున ఈడ్చుకుపోయారు. ఈ పన్నెండేళ్లలో ఆ చెట్ల వల్ల ఎవరికైనా సంతోషం కలిగిందంటే వాళ్లకే.

ఇక అసలు సంగతి. మొన్న రోహిణి కార్తెలో మా వియ్యంకుడు కొత్త కారు చూపించడానికి పాలమూరు నుంచి వచ్చాడు. సీట్లకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. దిగుతూనే, "చెట్ల నీడన పెడత బావగారూ" అన్నాడు. నేను పొంగిపోయి, "రాయల్ పామ్!" అన్నాను. ఆయన నీడ కోసం వెతికాడు. నేలమీద ఒక చెక్క పలక వెడల్పున నల్లటి గీత ఉంది. అదే నీడ. కనీసం స్టీరింగ్ అయినా కాలకుండా ఉంటుందని కారును ముందుకూ వెనక్కూ జరిపి, ఆ గీత సరిగ్గా డ్రైవర్ సీటు మీద పడేలా పెట్టాడు. అన్నం తినే లోపు గీత జరిగింది. చెయ్యి కడుక్కోకుండానే వెళ్లి కారు జరిపొచ్చాడు. పెరుగన్నం దగ్గర మళ్లీ.

"మా పిల్లలమర్రి కింద ఇసొంటి కార్లు ఎన్నైనా పడతయ్" అన్నాడు కూర్చుంటూ. ఆయనకు ఆ మర్రి అంటే సొంత తాతంత గౌరవం. ఏడొందల ఏళ్ల చెట్టు, మూడెకరాలు పరుచుకుంది. "2018ల చెదలు పడితే దానికి మనుషులకు పెట్టినట్టు సెలైన్ బాటిళ్లు పెట్టి మందెక్కించిన్రు. చెట్టంటే గట్లుండాలె."

"ఊడలు, ఆకులు, చెత్త... మర్రి ఇంట్లో పెట్టుకోలేం కదా బావగారూ. దీనికైతే ఏ చాకిరీ ఉండదు" అన్నాను. వెనక వంటింట్లో ఏదో గిన్నె గట్టిగా పడింది.

దాని వెంటే బయట ధడేల్‌మంది.

మేం వెళ్లేసరికి బానెట్ మీద మట్ట వాలి ఉంది, తొడుగు సరిగ్గా కంపెనీ గుర్తు మీద. దాన్ని ఎత్తితే కింద అట్లపెనమంత సొట్ట. కామ్రేడ్ అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. పిల్లలు తొడుగు కోసం లైన్లో ఉన్నారు. వియ్యంకుడి ముఖం చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు. మా అమ్మాయిని ఇచ్చిన ఇల్లు. ఆయనేమో, "ఫర్వాలేదు బావగారూ, ఫర్వాలేదు" అంటూనే సొట్టను వేలితో తడుముతున్నాడు, దెబ్బ తగిలిన పిల్లవాడి నుదురు తడిమినట్టు.

ఇన్సూరెన్స్ వాళ్లకు నా ముందే ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది.

"ఏ బండి గుద్దింది సార్?"

"బండి గాదు, చెట్టు."

"మీరు చెట్టును గుద్దారా?"

"లే, చెట్టే గుద్దింది. మేం లోపల పప్పుచారు తింటున్నం."

"గాలివాన వచ్చిందా?"

"ఆకు గూడ కదల్లే. ఆ పడ్డ ఆకు తప్ప."

"చెట్టు ఎవరిది సార్?"

వియ్యంకుడు నా వైపు చూశాడు. నేను గోడ మీది కాలెండర్ వైపు చూశాను. "తెలిసినోళ్లది" అన్నాడు మెల్లగా.

పోయిన నెల మనవరాలి పుట్టినరోజుకు మళ్లీ వచ్చారు. నేను పొద్దున్నే నిలబడి రెండు చెట్లనూ లెక్కపెట్టి పెట్టుకున్నాను, కుడివైపు దానికి ఒక మట్ట గోధుమ రంగుకు తిరిగింది, ఇవాళో రేపో అన్నట్టుంది. కారు మా గేటు దాకా రానేలేదు. సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఎండలో ఆపారు. అమ్మాయి, అల్లుడు, పాప దిగి గోడ వారగా నడిచొచ్చారు. వియ్యంకుడు ఆఖరున దిగాడు, నెత్తిన హెల్మెట్‌తో. కారులో వచ్చిన మనిషి హెల్మెట్ బకిల్ బిగించుకుంటూ రావడం చూసి కామ్రేడ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

గేటు దగ్గర నేను నమస్కారం పెడుతుంటే వియ్యంకుడు ఒకసారి కుడివైపు చెట్టు నెత్తి చూసి, సంచిలోంచి ఇంకో హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ముందు పెట్టుకోండి బావగారూ, తర్వాత మాట్లాడుకుందం."