ఆడపడుచుకి పెద్దపీట, కోడలికి చీపురుకట్ట

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మన తెలుగువాళ్ళెవరైనా మాంగెరే, ఓటారా పేటల వైపు ఇల్లు చూస్తున్నామంటే చాలు, "అటెందుకండీ, ఐలాండర్స్ ఎక్కువ, రోజూ గొడవలే" అనే సలహా రెడీగా ఉంటుంది. ఐలాండర్స్ అంటే సమోవా, టోంగా లాంటి పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్ళు. భార్యని కొట్టిన సమోవా మనిషి గురించి వార్త వస్తే "వాళ్ళ కల్చరే అంత" అని తేల్చేస్తాం. ఆ తేల్చేయడం మీదే నా అభ్యంతరం. వాళ్ళని వెనకేసుకు రావడానికి కాదు. అక్కడి అంకెలు దాస్తే దాగేవి కావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో భాగంగా 2000లో సమోవాలో ఆడవాళ్ళని అడిగారు. కాపురం చేసినవాళ్ళలో 46 శాతం భర్త చేతిలోనో, కలిసి ఉంటున్నవాడి చేతిలోనో దెబ్బలో లైంగిక హింసో అనుభవించామన్నారు. టోంగాలో 2009 జాతీయ సర్వేలో అది 40 శాతం. ఇక మన సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అదే సర్వేలో, భార్యని భర్త కొట్టడానికి ఏదో ఒక సందర్భంలో న్యాయముందని ఒప్పుకున్న ఆడవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ 84 శాతం దాకా ఉన్నారు. ఒప్పుకున్నది ఆడవాళ్ళు! ఇది చదివాక మాంగెరే గురించి మాట్లాడే మొహం మనకి ఉందా?

అసలు "కల్చర్" అన్నప్పుడు మనం చూడని విషయం ఒకటుంది. సమోవా సంప్రదాయంలో అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ మధ్య ఫెఆంగైంగా అనే ఒప్పందం ఉంటుంది. తోడబుట్టినదాని గౌరవం కాపాడటం అన్నదమ్ముడి బాధ్యత, ఆమె మాటకి కుటుంబంలో విలువ. టోంగాలోనైతే తండ్రి అక్కచెల్లెళ్ళది అందరికంటే పెద్ద హోదా. పెళ్ళిలోనూ చావులోనూ మేనత్త లేనిదే పని జరగదు. మన ఆడపడుచు లాంఛనాలు, మేనత్త హారతులు గుర్తుకు రావడం లేదూ?

అదే మనిషి పెళ్ళి చేసుకుని భర్త ఊరికి వెళ్ళగానే లెక్క మారిపోతుంది. భర్త తరఫువాళ్ళతో కాపురముండే ఇల్లాలిని సమోవాలో నొఫోటానే అంటారు. వంట, వడ్డన, అత్తమామల సేవ, ఆడపడుచుల సేవ ఆమెవే. ఇంటి విషయాలు మాట్లాడుకునేటప్పుడు ఆమెని అడిగేవాళ్ళుండరు. ఊరి ఆడబిడ్డలకి వేరే సంఘం, కోడళ్ళకి వేరే సంఘం. పుట్టిన ఊళ్ళో ఒకదాంట్లో ఉన్న మనిషి అత్తవారి ఊళ్ళో రెండోదాంట్లోకి వెళ్తుంది. తన్నులు తిన్నా, తన మనిషి అనుకునేవాడు చుట్టుపక్కల ఉండడు. 1830లో మిషనరీలు అడుగుపెట్టాక, అక్కచెల్లెలిగా ఆమెకున్న స్థానం తగ్గి, భర్తకి లోబడిన భార్య అన్న పాత్ర బలపడిందని కొందరు పరిశోధకులు అంటారు. అది ఎంతవరకో వాళ్ళే తేల్చుకోవాలి గానీ, పాస్టర్ మాటంటే ఊరికి శాసనమన్నది మాత్రం నిజం.

అలాగని పుట్టిల్లు స్వర్గమేమీ కాదు. టోంగా సర్వేలోనే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి చేతిలో హింసకి గురైనవాళ్ళు 79 శాతం. ఆ చేతుల్లో ముందు వరస తండ్రులది, టీచర్లది. భయభక్తుల పేరుతో తన్నులు తింటూ పెరిగిన పిల్లాడు తన ఇంట్లోనూ అదే చేస్తాడు, పెరిగిన పిల్ల ఇదీ మామూలే అనుకుంటుంది.

మరి ఏం పనిచేస్తోంది? చట్టం కొంత. 2013లో సమోవా, టోంగా రెండూ కుటుంబ హింస మీద ప్రత్యేక చట్టాలు తెచ్చాయి. 2018లో సమోవా అంబుడ్స్‌మన్ (ప్రజల ఫిర్యాదులు విచారించే అధికారి) బహిరంగ విచారణ నివేదిక ఊరి పెద్దలనీ చర్చిలనీ కూడా వదల్లేదు. తర్వాత ఊళ్ళలో కుటుంబ భద్రతా కమిటీలు మొదలయ్యాయి. న్యూజిలాండ్‌లో 2012లో పసిఫిక్ సమాజాల కోసం తయారైన ప్రణాళికలో సమోవా, టోంగా, నియూయే, కుక్ దీవులు ఎవరి సంప్రదాయం నుంచి వాళ్ళే దారి వెతుక్కున్నారు. బయటివాడొచ్చి "మీ కల్చర్ మార్చుకోండి" అంటే తలుపులు మూసుకుంటాయి. సొంత మనిషే "అక్కకి ఇచ్చే గౌరవం భార్యకెందుకివ్వవు?" అని అడిగితే తప్పించుకోవడం కష్టం.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం క్రైస్ట్‌చర్చ్‌లో ఒక మంగలి షాపు. సమోవా మూలాలున్న మాట్ బ్రౌన్ చిన్నప్పుడు తల్లిని తండ్రి కొడుతుంటే చూస్తూ పెరిగాడు. తర్వాత క్షౌరం చేస్తూ, కుర్చీలో కూర్చున్న మగాళ్ళ చేత వాళ్ళ చిన్ననాటి కథలు చెప్పించడం మొదలుపెట్టాడు. ఎదురుగా అద్దం, వెనక కత్తెర పట్టుకున్న మనిషి. ముఖాముఖీ కూర్చుని కౌన్సెలర్‌తో చెప్పుకోలేనిది అక్కడ నోటికొస్తుంది. భార్య సారాతో కలిసి నడుపుతున్న ఆ ఉద్యమం పేరు 'షీ ఈజ్ నాట్ యువర్ రిహాబ్'. నీ గాయాలు మాన్పుకోవడం నీ పని, నీ భార్య పని కాదని అర్థం. మగవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో క్రికెట్, షేర్లు తప్ప ఏమీ మాట్లాడుకోని మనకి ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక్కడే మన సంఘం వైపు వస్తాను. ఇక్కడికొచ్చిన తెలుగు అమ్మాయి ఒక విధంగా నొఫోటానేనే. పుట్టిల్లు వేల మైళ్ళ దూరం, వీసా భర్త మీద, ఫ్రెండ్సందరూ భర్త ఫ్రెండ్సే. అర్ధరాత్రి అన్నకి ఫోన్ చేస్తే "సర్దుకుపోవే, అక్కడ మా పరువు తీయకు" అంటాడు. రాఖీ ఫోటో మాత్రం ఫేస్‌బుక్‌లో పెడతాడు. అన్నదమ్ముడి బాధ్యత పెళ్ళి పందిట్లోనే ముగిసిపోతోంది. బావని కొట్టడానికి మనుషుల్ని పోగేయమని కాదు, అది ఇంకో హింస. "బ్యాగ్ సర్దుకుని వచ్చెయ్, టికెట్ నేను బుక్ చేస్తా" అనే ఒక్క మాట చాలు.

సంఘం పెద్దలు రాజీ పంచాయితీలు మానాలి. ఇద్దరినీ పక్కపక్కన సోఫాలో కూర్చోబెట్టి "చెప్పమ్మా, నీ సమస్యేంటి" అంటే, మళ్ళీ అదే కారులో ఇంటికెళ్ళాల్సిన మనిషి ఏం చెప్తుంది? ఈ దేశంలో 2018 చట్టం కట్నం వేధింపుల్ని కూడా హింసగానే చూస్తుంది. బాధితులకి ఏడాదికి 10 రోజుల జీతంతో కూడిన సెలవు 2019 నుంచి ఉంది. భర్త పౌరుడో రెసిడెంటో అయితే, కాపురం విడిచినా ఇక్కడ ఉండటానికి ప్రత్యేక వీసా దారి ఉంది. వలస వచ్చిన ఆడవాళ్ళ కోసం శక్తి సంస్థ 1995 నుంచి పనిచేస్తోంది. ఇవన్నీ మన ఉగాది సావనీర్‌లో ఎన్నడైనా వేశామా? నగల షాపు ప్రకటనకి ఫుల్ పేజీ ఉంటుంది.

వచ్చే కమిటీ మీటింగ్‌లో రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. బతుకమ్మకి తీసుకునే హాల్లో లేడీస్ టాయిలెట్ తలుపుల లోపలివైపు శక్తి, విమెన్స్ రెఫ్యూజ్ (హింసకి గురైన ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే సంస్థ) నంబర్లు అంటించడం ఒకటి. భర్తలు చదవని చోటు అదొక్కటే. మగవాళ్ళ కోసం సంక్రాంతి క్రికెట్ టోర్నమెంటు తర్వాత ఒక గంట, మాంగెరే నుంచి ఈ పని చేస్తున్న పసిఫిక్ మగవాళ్ళని పిలిచి వినడం రెండోది. ఎవరైనా అభ్యంతరం చెప్పదలిస్తే మీటింగ్‌కి వచ్చి చెప్పండి, వాట్సాప్‌లో కాదు.