చెక్కు ఇచ్చాక ఆ కూలీ ఏమయ్యాడు?

ఏటా మన సంఘం తరఫున పాలమూరుకూ నల్లగొండకూ వీల్‌చైర్లు పంపుతున్నాం. ఆపమని నేననను. అందులో పదో వంతు తీసి, పనిలో దెబ్బ తగిలిన కూలీలు పరిహారం చెక్కు అందాక ఎలా బతుకుతున్నారో తెలుసుకునే పరిశోధనకు ఇద్దామంటే మాత్రం మీటింగులో సగం మంది మొహం చిట్లించారు. "రిపోర్టులతో కడుపు నిండుతుందా?" అన్నారొకరు.

మిర్యాలగూడ దగ్గర రైసు మిల్లు బెల్టులో పడి కుడి చేతి మూడు వేళ్లు పోగొట్టుకున్న హమాలీ ఒకాయన నాకు మామ వరస అవుతాడు. చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. బస్తాకు కొక్కెం వెయ్యబోతే మాత్రం పట్టు చిక్కదు. "పైసలిచ్చిండ్రు గని పని ఇయ్యలే" అంటాడు.

2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల పరిహార చట్టం పట్టికలో ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తి 30 శాతం పోయినట్టు ఉండేది. హమాలీకైనా గుమాస్తాకైనా అదే లెక్క. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు, ఆయన ఇక ఆ పని చెయ్యలేడు కాబట్టి నూటికి నూరు శాతం నష్టమేనంది. అంతదాకా పోరాడే ఓపిక ఎందరికుంటుంది? సర్కారు ఉద్యోగికి వైకల్యం వస్తే తీసెయ్యకుండా వేరే పోస్టు చూపాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్తోంది. ప్రైవేటు మిల్లుకు ఆ నిబంధన లేదు.

మనవాళ్లు ఎంతోమంది ఉంటున్న కాలిఫోర్నియాలో రాండ్ సంస్థ పరిశోధకులు పనిలో దెబ్బ తగిలినవాళ్ల పరిహార క్లెయిముల రికార్డులను జీతాల రికార్డులతో కలిపి చూశారు. దెబ్బ తగిలాక ఏళ్ల తరబడి ఎంత సంపాదన పోతోందో అలా తేలింది. నష్టంతో పోలిస్తే పరిహారం మరీ తక్కువగా వచ్చినవాళ్ల కోసం 2012 చట్టంతో ఏటా 12 కోట్ల డాలర్ల నిధి పెట్టారు.

మన హమాలీ కూలి ఏ కంప్యూటర్‌లోనూ ఉండదు. ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే. పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ విద్యార్థులకు స్టైపెండూ పెట్రోలు ఖర్చూ ఇస్తే ఆ పని చెయ్యగలరు. జడ్చర్ల ఫార్మా కార్మికులనూ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు కార్మికులనూ కలపాలి. ఒకసారి ఫొటో దిగి వచ్చేస్తే కుదరదు, అవే ఇళ్లకు మూడేళ్లు వెళ్లాలి. డబ్బు ఎన్ని నెలలకొచ్చింది, అప్పులకెంత పోయింది, లైట్ డ్యూటీ అడిగితే యజమాని ఏమన్నాడు, బడి మానిన పిల్లలున్నారా అని అడగాలి.

మన దాతల్లో మిల్లులున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల డబ్బు వద్దనను. ప్రశ్నల కాగితం మాత్రం ముందుగా వాళ్లకు చూపించకూడదు, వచ్చిన జవాబులు ఆపే అధికారమూ వాళ్లకు ఉండకూడదు. ఈ షరతు రాసిపెట్టాకే చందాలు మొదలుపెడదాం.